గుంపు తప్పిన తూటా

యాభై మీటర్ల రైఫిల్ పోటీలో టార్గెట్ నడుమ ఉండే పది పాయింట్ల గీత వ్యాసం 10.4 మిల్లీమీటర్లు. మా నాయిన మెదక్‌లో దర్జీ. చొక్కా కాలర్‌కు కుట్టే చిన్న గుండీ ఒకటి తీసి ఆ గీత మీద పెడితే దాదాపు సరిపోయింది. బోర్లా పడుకుని సైటులోంచి చూసేవాళ్లకు ఆ గీత కనబడదు. కనబడేది 112.4 మిల్లీమీటర్ల నల్ల గుండ్రం ఒక్కటే. దాన్ని ముందు సైటు రింగులో ఇమిడ్చి, చుట్టూ తెల్లంచు అన్ని పక్కలా ఒకే మందంగా నిలిచినప్పుడు ట్రిగ్గర్ నొక్కాలి. అలా అరవై సార్లు, యాభై నిమిషాల్లో.

ఈ గుండీ అంత చోటు కోసం నా ఇరవైల్లో చాలా ఏళ్లు పెట్టాను. ఆ ఏళ్లలో నన్ను బాగా నలిపిన సంగతి ఒకటుంది. కాగితం మీద చిల్లు పక్కకు పడుతుంది. నా చేతి వల్ల పడిందా, రైఫిల్ వల్లనా, తూటా వల్లనా? తేల్చి చెప్పేవాళ్లు లేరు, తేల్చుకునే దారి నాకు అందలేదు. నింద మాత్రం ప్రతిసారీ చేతి మీదికే వచ్చింది. ఆ నింద కింద బతకడం ఎట్లా ఉంటుందో రాయాలని ఎప్పటినుంచో ఉంది.

డిగ్రీలో ఎన్.సి.సి.లో చేరడంతో ఇది మొదలైంది. క్యాంపులో ఫైరింగ్ రోజు కోసం అందరం ఎదురుచూసేవాళ్లం. ఇరవై ఐదు గజాల దూరం, నేల మీద పరిచిన దరీ, చేతికి .22 డీలక్స్ రైఫిల్, ఐదు రౌండ్లు. మాకు నేర్పే హవల్దారును ఉస్తాద్ అని పిలిచేవాళ్లం. ఆయన మొదట చెప్పిన మాట విని నేను ఆశ్చర్యపోయాను. నడుమ కొట్టాలని చూడకు, ఐదూ ఒక్క చోట పడేటట్టు చూడు, ఆ చోటు ఎక్కడైనా సరే అన్నాడు. గుంపు కుదిరితే సైటు తిప్పి నడుమకు తెచ్చుకోవచ్చు, గుంపే లేకుంటే ఏం తిప్పాలి అని ఆయన లెక్క. గ్రూపింగ్ అంటే అదే. నా ఐదు చిల్లుల మీద ఆయన రూపాయి బిళ్ల పెట్టాడు. అన్నీ దాని కిందికి పోయాయి. ఇంకో కాగితం పెట్టించి మళ్లీ కొట్టించాడు. మళ్లీ అంతే. ఈ పిల్లను వదలొద్దు అని మా ఎన్.సి.సి. మేడంతో అన్నాడు. ఆ ఒక్క మాటతో నేను షూటర్ని అయిపోయాననుకున్నాను.

అది 2012. ఆ ఏడాదే లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాదు గగన్ నారంగ్ పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చాడు. ఊరంతా ఆ పతకం గురించే. నేను మాత్రం పేపర్లో ఇంకో వార్త కత్తిరించి దాచుకున్నాను. అదే ఒలింపిక్స్‌లో యాభై మీటర్ల ప్రోన్ పోటీలో, అంటే బోర్లా పడుకుని .22తో కొట్టే దాంట్లో, జయదీప్ కర్మాకర్ నాలుగో స్థానంలో ఆగిపోయాడు. కాంస్యం 701.0 దగ్గర పోయింది, అతనిది 699.1. తేడా 1.9. అప్పటికి రెండేళ్ల ముందు, 2010లో, మ్యూనిక్‌లో కొల్హాపూర్ అమ్మాయి తేజస్వినీ సావంత్ ఇదే ప్రోన్‌లో ప్రపంచ విజేత అయింది, ఆరు వందలకు 597తో. ఈ రెండు కాగితాలూ నా నోట్‌బుక్ అట్ట లోపల అంటించుకున్నాను. ఆడపిల్ల చేయగలదని ఒకటి చెప్పేది, ఎంత సన్నని తేడాతో పోతుందో రెండోది చెప్పేది.

మన దగ్గర పిల్లలు ఎక్కువగా ఎయిర్ రైఫిల్‌కే పోతారు. పది మీటర్లు, నాలుగు గోడల నడుమ, గాలి లేదు, లైసెన్సు గొడవ లేదు, గుళ్లు చవక. .22కు లైసెన్సు కావాలి, తూటాలు లెక్కపెట్టి తీసుకోవాలి, వాడినవాటికి లెక్క అప్పజెప్పాలి. నేను అర్జీ పెట్టేనాటికి జిల్లా పేరు మాదే గాని కలెక్టరాఫీసు సంగారెడ్డిలో ఉండేది. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయి మెదక్ జిల్లా కేంద్రం అయ్యాకే ఆ తిరుగుడు తగ్గింది. అంతదాకా, ఆ తర్వాతా కూడా నేను కొట్టింది నగరంలోని ఒక క్లబ్బు రైఫిలే. అది క్లబ్బు ఆయుధాల గదిలోనే ఉండేది. నేనే దాని దగ్గరికి పోవాలి. మెదక్‌కు రైలు 2022లో గాని రాలేదు. తెల్లవారుజామున నర్సాపూర్ అడవి మీదుగా పోయే బస్సెక్కి, బాలానగర్‌లో దిగి, ఇంకో బస్సు పట్టుకుంటే రేంజ్ తెరిచే వేళకు చేరేదాన్ని. వచ్చేసరికి రాత్రి.

మిగతా రోజుల్లో ఇంట్లో సాధన. మా వాడకట్టులో వడ్రంగి ఒకాయన రైఫిల్ బరువుకు, పొడుగుకు సరిపోయేటట్టు ఒక కట్టెను చెక్కిచ్చాడు. నాయిన తెల్ల కాన్వాసు ముక్క మీద నల్ల చొక్కా గుండీ ఒకటి కుట్టి గోడకు తగిలించాడు. దీనికొక లెక్క ఉంది. యాభై మీటర్ల అవతల 112.4 మిల్లీమీటర్ల గుండ్రం ఎంత కనబడుతుందో, ఐదు మీటర్ల అవతల 11.2 మిల్లీమీటర్ల గుండ్రం అంతే కనబడుతుంది. చొక్కా ముందు వరసకు కుట్టే గుండీ రమారమి అంతే ఉంటుంది. ఆ గుండీని చూస్తూ రోజూ గంటసేపు చాప మీద పడుకునేదాన్ని. ఎడమ చేతికి స్లింగ్ పట్టీ బిగించి, బరువంతా ఎముకల మీదికి దింపి, ఊపిరి సగం వదిలి ఆపడం. స్లింగ్ నరాన్ని నొక్కితే ఉంగరపు వేలు, చిటికెన వేలు మొద్దుబారిపోయేవి. మోచేతుల కింద చర్మం పగిలి కాయ కాసింది. ఊపిరి ఆపినా గుండె ఆగదు కదా. పట్టీ గుండా ఆ కొట్టుకోవడం కట్టెకు చేరి, దాని కొస సన్నగా అదిరేది. రెండు కొట్టుకోవడాల నడుమ ఖాళీలో వేలు కదలాలి. ఇదంతా నేర్చుకున్నాను. కష్టమే, కానీ ఆ కష్టంలో న్యాయం ఉంది. ఎంత పెడితే అంత వచ్చింది.

పోటీలో వేసుకునే జాకెట్ సంగతీ చెప్పాలి. కొత్తది కొనే స్తోమత లేదు. ఎవరో వాడి వదిలేసిన జాకెట్ ఒకటి దొరికింది, నాకు రెండు కొలతలు పెద్దది. నాయిన దాన్ని విప్పి, కాన్వాసు కోసి, మళ్లీ కుట్టాడు. పోటీ నియమాల్లో జాకెట్ మందం 2.5 మిల్లీమీటర్లు దాటకూడదు, పోటీకి ముందు కొలుస్తారు. నేనా మాట చెప్పినప్పుడు ఆయన నవ్వలేదు, విసుక్కోలేదు. కుట్టు మీద కుట్టు ఎక్కడ పడుతుందో అక్కడ బట్ట లోపలి మడత చెక్కేసి, అతుకు పల్చన చేసి ఇచ్చాడు. మొదటి తనిఖీలోనే అది పాసయింది. ఆయన నలభై ఏళ్ల పనితనం మీద నాకున్న గౌరవం ఆ రోజు ఇంకా పెరిగింది.

ఇక బాధ మొదలైన చోటికి వస్తాను.

యాభై మీటర్ల మీద నా గుంపు బాగా పడేది. ఎనిమిదో తొమ్మిదో చిల్లులు ఒకదాన్నొకటి కొరుక్కుంటూ ఒక్క చోట. అంతలో ఒకటి విడిచిపోయేది. ఎప్పుడూ కిందికే. తొమ్మిదిలోకో, ఒక్కోసారి ఎనిమిదిలోకో. దీన్ని ఫ్లయర్ అంటారు. నొక్కిన క్షణంలో సైటులో గుండ్రం నడుమనే ఉంది, కన్ను చెబుతోంది అది పది అని, టెలిస్కోపులో చూస్తే కింద చిల్లు. ఎప్పుడొస్తుందో తెలియదు. మూడో తూటాకు రావచ్చు, పద్నాలుగో తూటాకు రావచ్చు.

క్లబ్బులో మాకు నేర్పే సారు ఒక్కటే మాట అన్నాడు, “ట్రిగ్గర్ గుంజుతున్నావమ్మా.” ఆయన మాటలో తప్పు లేదు. ట్రిగ్గర్‌ను లాగినట్టు నొక్కితే తూటా కిందికే పోతుంది. ప్రపంచంలో ఏ కోచ్ అయినా కింద పడిన చిల్లు చూసి ముందు వేలినే అనుమానిస్తాడు. నేనూ వేలినే అనుమానించాను. ఇంటికొచ్చి కట్టెకు అమర్చిన ఇనుప నాలుకను వందలసార్లు నొక్కేదాన్ని, కొస కదలకుండా. కదిలేది కాదు. మళ్లీ రేంజ్‌కు పోతే అదే ఫ్లయర్. “ఇంట్ల మంచిగ చేస్తవు, ఈడికొస్తే భయపడ్తవు,” అనేది తోటి షూటర్ ఒకామె. ఆమె ప్రేమగానే అనేది. కానీ ఆ మాట నాకు రాత్రిళ్లు వినబడేది.

నిద్రలో చూపుడు వేలు కదులుతోందని అమ్మ చెప్పింది. నిజమో కాదో నాకు తెలియదు. ఆమె మాత్రం నా చెయ్యి పట్టుకుని పడుకునేది.

అసలు నష్టం ఎక్కడ జరిగిందో చెప్తాను. తప్పు లేని చేతిని తప్పుందని నమ్మిస్తే, కొన్నాళ్లకు ఆ చేతికి నిజంగానే తప్పు వస్తుంది. గుండ్రం కుదిరిన క్షణంలో వేలు కదలాల్సింది పోయి, ఆగి ఆలోచించడం మొదలుపెట్టింది. ఇప్పుడు నొక్కితే కిందికి పోతుందేమో. ఊపిరి ఆపి ఎనిమిది, పది సెకన్లు దాటితే గుండ్రం అంచులు మసకేస్తాయి. అయినా పట్టుకునే ఉండేదాన్ని. చివరికి కన్ను అలిసిపోయాక, గుండె వేగం పెరిగాక నొక్కేదాన్ని. అంతకుముందు బాగున్న గుంపు కూడా వెడల్పయింది. సారుకు తన మాట నిజమైనట్టే కనబడింది.

ఆ రోజుల్లో .22 తూటా ఎట్లా తయారవుతుందో చదవడం మొదలుపెట్టాను, నా వేలికి ఇంకేదైనా సాక్షి దొరుకుతుందేమోనని.

రిమ్‌ఫైర్ తూటా చాలా పాతకాలపు ఆలోచన. 1845 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో ఫ్లోబేర్ అనే ఆయన మొదలుపెట్టాడు, అమెరికాలో స్మిత్ అండ్ వెస్సన్ వాళ్లు 1857లో .22 షార్ట్ తెచ్చారు. ఇప్పుడు మేం వాడే లాంగ్ రైఫిల్ రకం 1887లో స్టీవెన్స్ కంపెనీది. పెద్ద రైఫిళ్ల తూటాలో అంటుకునే మందు అడుగున నడిమధ్య చిన్న గిన్నెలో విడిగా ఉంటుంది. రిమ్‌ఫైర్‌లో అలా కాదు. పల్చని ఇత్తడి గొట్టం అడుగంచును మడిచి, ఆ మడత లోపల మందును తడిగా ఉన్నప్పుడు గిర్రున తిప్పి చుట్టూ పాకేటట్టు చేస్తారు. ఫైరింగ్ పిన్ ఆ అంచును ఒక పక్కన నలిపితే అక్కడి మందు అంటుకుంటుంది. పిన్ పడిన చోట మందు రవ్వంత పల్చగా ఉన్నా మంట పుట్టే తీరు మారిపోతుంది. ఇక లోపలి గన్‌పౌడర్ గ్రాములో పదో వంతు అటూ ఇటూ. అంత కొద్ది దాంట్లో చిటికె తేడా పెద్ద తేడానే. సీసపు గుండు 2.6 గ్రాములు, పైన మైనం పూత.

పెద్ద రైఫిల్ వాళ్లకు ఒక వెసులుబాటుంది. ఖాళీ గొట్టాలు మళ్లీ నింపుకోవచ్చు, తమ బ్యారెల్‌కు ఏ కొలత నప్పుతుందో తామే చూసుకోవచ్చు. రిమ్‌ఫైర్‌లో షూటర్ చేతిలో అలాంటిదేమీ లేదు. కంపెనీ మూసి పంపిన తూటాను అట్లాగే వాడాలి. ఒకే కంపెనీ, ఒకే పేరు, ఒకే ధర, అయినా ఒక విడతకు ఇంకో విడతకు పోలిక ఉండదు. ఆ విడతనే లాట్ అంటారు, పెట్టె మీద నంబరు వేస్తారు. ఒక లాట్ ఒక బ్యారెల్‌కు నప్పుతుంది, పక్క బ్యారెల్‌కు నప్పదు. అందుకే పెద్ద దేశాల షూటర్లు రైఫిల్ పట్టుకుని తూటా తయారయ్యే చోటికే పోతారు. ఎలీ వాళ్లకు బర్మింగ్‌హామ్‌లో, లాపువా వాళ్లకు జర్మనీలోని షోనెబెక్‌లో పరీక్ష రేంజులున్నాయి. రైఫిల్‌ను బిగించి, లాట్ తర్వాత లాట్ కొట్టి, గుంపులు కొలిచి, నచ్చిన లాట్‌లో ఏడాదికి సరిపడా పెట్టెలు కొనుక్కుంటారు. మెదక్ అమ్మాయికి ఏ లాట్ దొరికితే ఆ లాటే.

ఇంటర్‌లో చదివిన ఫిజిక్స్ అప్పుడు పనికొచ్చింది. మ్యాచ్ తూటా వేగం సెకనుకు 325 మీటర్ల దగ్గర ఉంటుంది, ధ్వని వేగం కంటే కొంచెం తక్కువ. యాభై మీటర్లు పోవడానికి సెకనులో నూరింట 16 వంతులు, అంటే 0.16 సెకను. ఆ కాసేపట్లో భూమి దాన్ని పన్నెండు సెంటీమీటర్లకు పైనే కిందికి లాగుతుంది, సైటు ఆ మేరకు పైకి పెట్టి ఉంటుంది. ఇప్పుడు ఒక తూటా సెకనుకు పది మీటర్లు తక్కువ వేగంతో బయలుదేరిందనుకుందాం. లెక్క వేస్తే ఏడెనిమిది మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. పది పాయింట్లు రావాలంటే గుండు మధ్య భాగం కేంద్రానికి 8 మిల్లీమీటర్ల లోపు పడాలి. అంటే నా చెయ్యి, కన్ను, ఊపిరి, గుండె అన్నీ కుదిరి నడుమనే నొక్కినా, నెమ్మదైన తూటా ఒక్కటి చాలు పది చివరంచుకు నెట్టడానికి. చెయ్యి రవ్వ కదిలి ఉంటే తొమ్మిదే. సాదా రకం పెట్టెలో తూటాకు తూటాకు అంత తేడా ఉండడం వింతేమీ కాదు. మేం సాధనకు వాడేది సాదా రకమే.

నెమ్మదైన తూటా కిందికి పోతుంది. గుంజిన ట్రిగ్గర్ కూడా కిందికే పోతుంది. ఒకే చిల్లుకు రెండు కారణాలు. ఆ లెక్క చేసిన కాగితం సారుకు చూపించాను. ఆయన మంచివాడు, చదివాడు. “లెక్క మంచిగున్నదమ్మా, కానీ షూటర్ తూటా మీద నెపం పెట్టడం మొదలుపెడితే ఇంక బాగుపడడు,” అన్నాడు. నాకు జవాబు తోచలేదు. ఆ మాటలో కూడా న్యాయం ఉంది, అదే నన్ను ఏడిపించింది.

నాయిన తనకు తోచిన సాయం చేశాడు. బజార్లో ఆయనకు తెలిసిన కంసాలి దగ్గర మిల్లీగ్రాములు తూచే త్రాసు అడిగి తెచ్చి, బస్సులో ఒళ్లో పెట్టుకుని నాతో నగరానికి వచ్చాడు. క్లబ్బులో కూర్చుని తూటాలు ఒక్కొక్కటీ తూచి, బరువుల వారీగా వేరు చేశాం. ఒకే బరువున్నవి వరసగా కొట్టాను. ఫ్లయర్లు పోలేదు. ఎందుకంటే ఆ బరువులో ఎక్కువ పాలు సీసానిది, ఇత్తడిది. పౌడర్‌లో, అంచు మందులో ఉన్న తేడా వాటి కింద కప్పబడిపోతుంది. నాయిన వెనక బెంచీ మీద కూర్చుని, నేను కొట్టిన ప్రతి తూటాకూ నా భుజం వంకే చూశాడట. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో, “బిడ్డా, నీ భుజం కదుల్తలేదు. నేను బట్ట మీద కత్తెర పెట్టినప్పుడు కదిలినంత కూడ కదుల్తలేదు,” అన్నాడు. షూటింగ్ గురించి ఒక్క ముక్క తెలియని మనిషి, నన్ను నమ్మిన మొదటి మనిషి.

ఇంత జరుగుతుండగా ఒక పోటీ వచ్చింది. మొదటి ముప్పై తూటాలు నా జన్మలో అంత బాగా కొట్టలేదు. తర్వాతి వరసలో ఎనిమిది పడింది, కింద. నాలుగు తూటాల తర్వాత ఇంకో ఎనిమిది, సరిగ్గా అక్కడే. రైఫిల్ పక్కన పెట్టి లేచి పోదామనిపించింది. పోలేదు. అరవై పూర్తి చేశాను. తర్వాతి అంచెకు కావలసిన మార్కు కొద్దిలో పోయింది. ఆ కొద్ది, ఆ రెండు తూటాలు పట్టుకుపోయినంతే. ఆ సాయంత్రం నర్సాపూర్ అడవి దాటేదాకా కిటికీ వైపు మొహం పెట్టి ఏడ్చాను. ఇంటికి పోయి మానేస్తానని చెప్పాను. నాయిన సరే అనలేదు, వద్దనలేదు. గోడ మీద గుండీని మాత్రం తీయలేదు.

మానలేదు, మళ్లీ రేంజ్‌కు పోయాను. ఆ నింద నుంచి విడుదల వచ్చింది అక్కడికొచ్చే ఒక విశ్రాంత సైనికుడి వల్ల. సైన్యంలో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు బాగుచేసే పనిలో జీవితమంతా గడిపిన మనిషి. మనవడికి ఎయిర్ రైఫిల్ నేర్పించడానికి తీసుకొచ్చేవాడు. నా టార్గెట్ కాగితాలు అడిగి తీసుకుని, నేల మీద వరసగా పరిచి చాలాసేపు చూశాడు. నన్నేమీ అడగలేదు. రైఫిల్ అడిగాడు. బల్ల మీద రెండు ఇసుక సంచులు వేసి, రైఫిల్‌ను వాటి మీద ఆనించి, ట్రిగ్గర్‌ను వేలి కొసతో మాత్రం తాకుతూ, నేను వాడే పెట్టెలోంచే కొట్టాడు. ఎనిమిది ఒక్క చోట. రెండు కింద.

ఆ కాగితం నాకిచ్చాడు. “ఇది నీ చెయ్యి కాదు,” అన్నాడు హిందీలో. నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. సంతోషం అనలేను దాన్ని. ఇన్నేళ్లు ఎవరో చేసిన దొంగతనానికి నన్ను నిలబెట్టి ప్రశ్నించి, ఇప్పుడు పొమ్మన్నట్టుంది. కోపం వచ్చింది. ఎవరి మీద రావాలో తెలియలేదు. సారు కూడా ఆ కాగితం చూశాడు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తనే రైఫిల్ విప్పే పనిలో చెయ్యి కలిపాడు.

విప్పితే రెండు సంగతులు బయటపడ్డాయి. చాంబర్ ముందు భాగంలో, గుండు బ్యారెల్‌లోకి ప్రవేశించే చోట, కాలిన మందు, సీసం, మైనం కలిసి గట్టి వలయంలా పేరుకున్నాయి. రిమ్‌ఫైర్ రైఫిళ్లకు ఇది ఉన్న జబ్బే. మామూలు గుడ్డ ముక్క లోపల తిప్పితే అది వదలదు. ప్రతి గుండూ దాన్ని గీసుకుంటూ పోవాలి. రెండోది, కట్టె స్టాక్. వానాకాలం తేమకు ఉబ్బి, ఎండాకాలం కుదించుకుని, లోహపు భాగాన్ని పట్టి ఉంచే బోల్టులు ఒకటి బిగువుగా, ఒకటి వదులుగా అయ్యాయి. ఆయన రసాయనంలో నానబెట్టి వలయం తీశాడు. బోల్టులు రెండూ ఒకే బిగువుకు తెచ్చాడు. ఆ తర్వాత క్లబ్బులో దొరికిన వేరు వేరు లాట్ల తూటాలు సంచి మీంచి కొట్టి చూశాడు. ఒక్కో లాట్ మార్చినప్పుడు మొదటి కొన్ని తూటాలు లెక్కలోకి తీసుకోవద్దన్నాడు. పాత మైనం పోయి కొత్త మైనం బ్యారెల్‌కు పట్టాలి. ఒక లాట్ నేను వాడినదానిలాగే కిందికి చిమ్మింది, రైఫిల్ బాగుచేశాక కూడా. ఇంకోటి అడ్డంగా పరుచుకుంది. మూడోది, ధరలో తేడా పెద్దగా లేనిది, పది తూటాలూ రూపాయి బిళ్ల కిందికి తెచ్చింది.

ఆ లాట్ పెట్టెలు క్లబ్బులో కొన్నే ఉన్నాయి. వాటిని పోటీల కోసం దాచి, సాధనకు మిగతావి వాడాను, ఏ చిల్లు ఎవరిదో ఇప్పుడు తెలుసు కాబట్టి. లాట్ నంబర్లు, సంచి మీది గుంపు కొలత నోట్‌బుక్‌లో రాసుకున్నాను. కిందికి జారినదాన్ని తూటా ఖాతాలో వేయడం, పక్కకు పోయినదాన్ని నా ఖాతాలో వేసుకోవడం అలవాటైంది. వేలు మళ్లీ తనంతట తాను కదలడానికి మాత్రం చాలా కాలం పట్టింది. రైఫిల్ ఒక్క మధ్యాహ్నంలో బాగుపడింది. నేను బాగుపడడం అంత త్వరగా కాలేదు. గుండ్రం కుదిరిన క్షణంలో ఆ పాత సందేహం వచ్చి నిలబడేది, దాన్ని పొమ్మని చెప్పే విద్య ఎవరూ నేర్పలేరు.

తూటా గొడవ తీరాక గాలి కనబడింది. అప్పటిదాకా అంత రభసలో గాలిని చూసే తీరికే లేదు. రేంజ్‌లో పది మీటర్ల దగ్గర, ముప్పై మీటర్ల దగ్గర చిన్న జెండాలుంటాయి. సెకనుకు రెండు మీటర్ల గాలి, అంటే మొహానికి చల్లగా తగిలేంత గాలి, పక్క నుంచి వీస్తే గుండును సుమారు ఒక సెంటీమీటరు జరుపుతుంది. పది నుంచి తొమ్మిదికి అది చాలు. గుండు కుడివైపు తిరుగుతూ పోతుంది కాబట్టి కుడి నుంచి వచ్చిన గాలి దాన్ని ఎడమకే కాదు, కొంచెం పైకి కూడా నెడుతుంది. ఎడమ గాలి కుడికి, కొంచెం కిందికి. ఎండాకాలం మధ్యాహ్నం నేల మీంచి వేడి లేచి నల్ల గుండ్రం నీళ్లలో ఉన్నట్టు ఊగుతుంది, ఉన్న చోట కాకుండా పక్కన కనబడుతుంది. తూటాల పెట్టె ఎండలో పెడితే లోపలి మందు వేడెక్కి వేగం మారుతుంది. అందుకే పెట్టెను జాకెట్ నీడలో పెట్టుకునేదాన్ని. ఇవన్నీ కష్టాలే. కానీ వీటితో పోట్లాడడంలో నాకు ఏనాడూ ఏడుపు రాలేదు. గాలి తన జెండా తానే చూపిస్తుంది.

తర్వాతి ఏడాది, ఆ పోటీలో కొద్దిలో పోయిన మార్కు దాటాను. అంతకు మించి పెద్ద పేరేమీ తెచ్చుకోలేదు. 2016 రియో తర్వాత ప్రోన్‌ను ఒలింపిక్స్ నుంచి తీసేశారు. ఆడవాళ్ల ప్రోన్ ఒలింపిక్స్‌లో ఎన్నడూ లేదు. కానీ .22 పోలేదు. మోకాలి మీద, పడుకుని, నిలబడి కొట్టే మూడు భంగిమల పోటీ ఉంది. 2024 ఆగస్టు 1న పారిస్‌లో స్వప్నిల్ కుసాలే దాంట్లో 451.4తో కాంస్యం గెలిచాడు, ఆ పోటీలో మన దేశానికి అదే మొదటి పతకం. ఆ రోజు నేను ఫోన్లో చూస్తూ అతని ముఖం కంటే తెర మీద చిల్లులనే ఎక్కువ చూశాను. ఒక్కటీ కారణం లేకుండా కిందికి జారలేదు.

ఇప్పుడు మెదక్‌లో ఎన్.సి.సి. పిల్లలకు ఫైరింగ్‌కు ముందు పడుకునే తీరు, ఊపిరి, వేలు నేర్పడానికి నన్ను పిలుస్తారు. మొన్నటి క్యాంపులో ఒక పిల్ల ఐదు తూటాల్లో మూడు ఒక్క చోట, రెండు కింద కొట్టింది. పక్కనున్న సీనియర్ అప్పటికే మొదలుపెట్టాడు, “ట్రిగ్గర్ గుంజకే.” ఆ పిల్ల మొహం నాకు బాగా తెలిసిన మొహం. నేను ఉస్తాద్‌ను అడిగి, ఆమెను లేపి, ఇసుక సంచులు తెప్పించి, అదే రైఫిల్, అదే పెట్టె, సంచి మీంచి కొట్టించాను. గుంపు బాగా పడింది, కిందికి ఒక్కటీ జారలేదు. అంటే ఈసారి వేలిదే. ఆమెకు అదే చెప్పాను. ఆమె తల ఊపి, చాప మీద మళ్లీ పడుకుని, నెమ్మదిగా నొక్కడం మొదలుపెట్టింది. భయం లేదు ఆ మొహంలో, ఏం దిద్దుకోవాలో తెలిసింది కాబట్టి.

దీనికయ్యే ఖర్చు రెండు ఇసుక సంచులు, పది తూటాలు, ఒక అరగంట. .22 ఉన్న ప్రతి ఎన్.సి.సి. యూనిట్‌లో, ప్రతి క్లబ్బులో, పిల్లను ఒక్క మాట అనే ముందు ఈ అరగంట పెట్టమని అడుగుతున్నాను. లాట్ నంబరు, తేదీ, గుంపు కొలత రాసే ఒక రిజిస్టరు రైఫిల్ పక్కనే ఉంచమని అడుగుతున్నాను. మెదక్‌లో మేం అది మొదలుపెట్టాం.